అంగీ ఎక్కడుంటే మంత్రి అక్కడ

ఏ దేశమైనా సుభిక్షంగా ఉండాలంటే మంత్రి ఉండాలి. మంత్రి ఉన్నాడనడానికి రుజువుగా గోడమీద ఆయన తైలవర్ణ చిత్రం ఉండాలి. (మంత్రులు వస్తుంటారు, పోతుంటారు. నూనెరంగు ఆరడానికే ఆరు నెలలు పడుతుంది.) విక్టోరియా మహారాణి ఏలుబడిలో, లండన్ నగరంలో ఈ సత్యం తెలియని గుమాస్తా లేడు.

అందుచేత ఉద్యానవనాల శాఖ మంత్రి లార్డ్ థోర్న్‌కోంబ్ నిలువెత్తు చిత్రానికి శాఖవారు ఉత్తర్వు జారీ చేశారు. లార్డుగారు చిత్రకారుడు ఆంబ్రోస్ పెల్లీ ఇంటికి వచ్చి, నలభై నిమిషాలు కూర్చుని, ముఖం ఒక్కటీ ఇచ్చి, స్కాట్లండుకు చేపల వేటకు వెళ్లిపోయారు. మెడ కింది భాగానికి వేరే మనిషిని కూర్చోబెట్టుకోవడం చిత్రకారులకు మామూలే. పెద్దమనుషులకు ముఖాలే వేరుగాని మెడ కింద అందరూ ఒకటేనని ఆ వృత్తివాళ్ల అనుభవం. అలా లార్డుగారి మొండెంగా నియమితుడైనవాడు ఒబదయా టక్. ముప్ఫై ఏళ్లు గుర్రబ్బండి తోలి, మోకాళ్లు పట్టేసి మానుకున్నాడు.

ఒబదయాకు ఆ ఉద్యోగం హాయిగానే ఉంది. ఒంటిమీద మంత్రిపదవి తాలూకు ఎర్ర మఖమలు అంగీ, మెడలో వెండి గొలుసు, పక్కనే వెచ్చటి పొయ్యి. అతనుండేది నేలమాళిగ గదిలో. అక్కడ గోడలు ఏడాది పొడుగునా చెమరుస్తూనే ఉంటాయి, భార్య కెజియా దగ్గుతూనే ఉంటుంది. పార్కు గేటు కాపలా ఉద్యోగం వస్తే దాంతోపాటు గేటు పక్కనే రెండు గదుల పొడి ఇల్లు వస్తుంది. దానికోసం ఇదే శాఖకు అర్జీ పెట్టుకుని నాలుగేళ్లయింది. అర్జీ పరిశీలనలో ఉంది. (పరిశీలన అంటే ఒక ఫైలు మీద ఇంకో ఫైలు పెట్టడం.)

రెండో రోజు పొద్దున్నే శాఖ కార్యదర్శి సెప్టిమస్ ఓడ్లీ రెండు పెట్టెల ఫైళ్లతో దిగాడు. నిబంధన పద్నాలుగు ప్రకారం పదవి అంగీ ఎక్కడుంటే మంత్రి అక్కడ కొలువై ఉన్నట్టే. పూర్వం ఒక మంత్రి పదకొండు నెలలు మంచాన పడితే అంగీని కుర్చీకి తొడిగి శాఖ నడిపారు. ఆ పదకొండు నెలలనూ స్వర్ణయుగమని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ప్రభువులవారు తల ఊపితే ఆమోదం, ఊపకపోతే వాయిదా" అని ఓడ్లీ నడుం వంచి మనవి చేశాడు.

"అయ్యా, నేను టక్‌నండీ. బండి తోలుకునేవాణ్ణి."

"ప్రభువులవారికి చమత్కారం ఎక్కువ."

బొమ్మ వెనకనుంచి పెల్లీ అరిచాడు. "తల ఎంతైనా ఊపుకో. తల నాకక్కర్లేదు. భుజం కదిలిందో, చంపేస్తాను!"

ఒబదయా తల ఊపాడు. బాతుల చెరువుకు కంచె వచ్చింది. ముసలివాళ్లకు బెంచీలు వచ్చాయి. మధ్యాహ్నం పొయ్యి వేడికి కునికిపాట్లు పడితే పదిహేడు ఫైళ్లు ఏకధాటిగా ఆమోదం పొందాయి. మంత్రిగారు ఇంత చురుగ్గా ఎప్పుడూ లేరని గుమాస్తాలు మురిసిపోయారు. టీ వేళకు అంగీ విప్పగానే మాత్రం ఓడ్లీ, "ఏమోయ్ టక్, పక్కకి జరుగు. పెద్దవాళ్ల కుర్చీకి ఆనుకుంటావేం?" అనేవాడు.

మూడు వారాలు గడిచాయి. చివరి రోజుకు బొమ్మలో కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. ఆజ్ఞాపిస్తున్నట్టు చూపుడువేలు నిటారుగా ఎత్తి ఉండాలని లార్డుగారి కోరిక. ముప్ఫై ఏళ్లు కళ్లేలు పట్టిన ఒబదయా వేళ్లు ఎంత లాగినా నిటారుగా నిలవవు. పెల్లీ జుట్టు పీక్కుంటున్నాడు. సాయంత్రం నాలుగింటికి అంగీ తిరిగి శాఖకు వెళ్లిపోవాలి.

మూడున్నరకు పెట్టె అడుగునుంచి ఓడ్లీ ఆఖరి ఫైలు తీశాడు. "గేటు కాపలా. అర్జీదారు, ఒబదయా టక్."

ఒబదయా మెడ విరుగుతుందేమో అన్నంత గట్టిగా తల ఊపాడు.

"ఆగాలి ప్రభూ. నియామకానికి అర్జీదారు స్వయంగా మంత్రి ఎదుట నిలబడాలి." ఓడ్లీ గుమ్మంలోకి వెళ్లి మూడుసార్లు పిలిచాడు. "ఒబదయా టక్! ఒబదయా టక్! ఒబదయా టక్!"

"ఇక్కడే ఉన్నానయ్యా!"

"అర్జీదారు తరఫున ప్రభువులవారు పలకకూడదు."

ఒబదయా అంగీ విప్పి కుర్చీలో పడేసి, కుంటుకుంటూ గుమ్మం దాటి, మళ్లీ లోపలికొచ్చి నిలబడ్డాడు.

"వచ్చావా? సంతోషం. మంత్రిగారు లేచి వెళ్లారు, నిలబడు" అన్నాడు ఓడ్లీ.

"అంగీ కుర్చీలోనే ఉంది కదయ్యా!"

"ఉంది. తల ఏదీ, ఊపడానికి?"

ఒబదయా గబగబా వెళ్లి అంగీ తొడుక్కున్నాడు. ఓడ్లీ చుట్టూ చూశాడు. "అర్జీదారు ఎటు పోయాడు? ఈ జనానికి ఓపిక లేదు ప్రభూ."

ఇలా మూడు సార్లయింది. నాలుగోసారి ఒబదయా మోకాళ్లు సహకరించలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో చలికాలం ఆ గదిలో కెజియా తట్టుకోలేదని అతనికి తెలుసు.

మొగుడికి రొట్టె, జున్ను తెచ్చిన కెజియా గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఊరివాళ్ల బట్టలుతికి, ఇస్త్రీ చేసి బతికే మనిషి.

"ముసలాడివి, నీకెందుకయ్యా ఈ గెంతులు? ఇలా తే ఆ అంగీ" అంది. తొడుక్కుని, దర్జాగా కుర్చీలో కూర్చుంది.

ఓడ్లీ అంగీ వైపు చూశాడు. నిబంధన పద్నాలుగులో అంగీ గురించే ఉంది, లోపలున్నవాళ్ల గురించి లేదు. నడుం వంచాడు.

కెజియా వేలెత్తింది. "ఇదిగో బాబూ. ఎదురుగా మనిషి నిలబడ్డాడా, లేదా?"

"నిలబడ్డాడు ప్రభూ."

"నాలుగేళ్లు తిప్పారా, లేదా?"

"తిప్పాం ప్రభూ."

"మరింకేం చూస్తావ్? రాసుకో" అని తల ఊపింది.

"కదలకు తల్లీ!" పెల్లీ కేక పెట్టాడు. "ఆ వేలు దించావంటే నేను మునిగిపోతాను!"

అంగీకోసం బండి వచ్చేలోపు చెయ్యి పూర్తయింది. చలి మొదలయ్యేలోపు టక్ దంపతులు పొడి ఇంట్లో చేరారు. దగ్గు తగ్గింది.

ఆడవాళ్లకు ఓటివ్వాలా వద్దా అని పార్లమెంటులో వాదన నడుస్తున్న వారంలోనే చిత్రావిష్కరణ జరిగింది. శాఖ సిబ్బంది అంతా కుటుంబాలతో వచ్చారు. లార్డుగారు బొమ్మలోని కుడిచేతిని చాలాసేపు గర్వంగా చూసుకుని, సభవైపు తిరిగారు.

"పాలన ఆడవాళ్లకు అప్పగించమంటున్నారు. పాలించే చెయ్యి ఎలా ఉంటుందో, వాళ్లను ఒక్కసారి వచ్చి చూసుకోమనండి!"

సభ చప్పట్లు కొట్టింది. వెనక వరసలో కెజియా కూడా కొట్టింది. ఇల్లు శాఖవారిది మరి.