జంబుకయ్య మాస్టారి భాషల పంపకం

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉండేది. దానికి హెడ్మాస్టరు జంబుకయ్య అనే నక్క. విద్యాధికారి కుర్చీ మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. ఆ కుర్చీ కోసమే చరిత్ర పుస్తకంలో మొదటి పాఠం సొంతంగా అల్లాడు. కార్చిచ్చు వచ్చినప్పుడు మృగరాజుగారి తాత ఒక్క గెంతులో ఏరు దాటి అడవిని కాపాడాడట.

"మా బామ్మ అలా చెప్పలేదు మాస్టారూ," అంది కుందేలు పిల్ల.

"మీ బామ్మ ఆ రోజు బొరియలో ఉంది. కూర్చో!" అన్నాడు జంబుకయ్య.

అంతలో పైనుంచి ఉత్తరువు ఊడిపడింది. చరిత్రను అన్ని వైపుల నుంచీ చెప్పించాలి, ప్రతి పిల్లా ఇంకో జాతి భాష నేర్చుకోవాలి, వార్షికోత్సవానికి మృగరాజుగారే వస్తారు.

జంబుకయ్యకు ముచ్చెమటలు పోశాయి. పిల్లలు నోరు విప్పితే కుర్చీ సంగతి దేవుడెరుగు, తనే రాజుగారి ఫలహారమైపోతాడు. బుర్ర గోక్కుని గోక్కుని ఒక ఉపాయం తీశాడు.

"కార్చిచ్చు గురించి ఎవరింటి కథ వాళ్లే చెప్పండర్రా, కానీ పక్కవాళ్ల భాషలో!"

కుందేలుకు కాకి భాష ఇచ్చాడు, గున్న ఏనుగుకు కప్ప భాష. సింహ భాష మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఉత్తరువు అమలైపోతుంది, రాజుగారికి ఒక్క ముక్క అర్థం కాదు. తన తెలివికి తనే మురిసిపోయాడు పాపం.

వార్షికోత్సవం నాడు కుందేలు పిల్ల కావు కావుమంటూ కథ చెప్పింది. చెట్ల మీది కాకులన్నీ పడీ పడీ నవ్వాయి.

"ఎందుకయ్యా ఆ నవ్వు?" అన్నాడు మృగరాజు.

"భక్తి ఎక్కువైతే కాకులు అలాగే చేస్తాయి ప్రభూ."

తర్వాత గున్న ఏనుగు లేచి బెకబెకమంది. కప్పలు పొట్టలు పట్టుకుని బురదలో దొర్లాయి.

"అందరికీ అర్థమవుతోంది, నాకు తప్ప!" అని గర్జించాడు మృగరాజు.

"నేను చెప్తా తాతయ్యా!" అంటూ వెనక బెంచీ మీంచి లేచాడు రాజుగారి మనవడు.

రాజుగారి పిల్లాడికి పరీక్ష పెట్టే ధైర్యం లేక జంబుకయ్య ఏటా వాడికి ఫస్టు మార్కు వేసేసేవాడు. వాడికి ఏమొచ్చో, ఏం రాదో ఎన్నడూ అడగలేదు. వాడేమో తోటి పిల్లలతో ఆడుకుంటూ అన్ని భాషలూ పట్టేశాడు.

"మంట చూసి అందరికంటే ముందు మీ తాతగారే ఏట్లో దూకారట. ఈత రాదట! గేదె వచ్చి తోక పట్టి ఈడ్చిందని గున్న అంటున్నాడు. కాదు, చెవి పట్టి అని కుందేలు. తగువంతా అక్కడే తాతయ్యా."

జంబుకయ్య గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

మృగరాజు నడుం పట్టుకుని మెల్లిగా లేచాడు. "అంటే ఆ గెంతు అబద్ధమా? ఓరి త్రాష్టుడా! నీ పాఠం నమ్మి, మా వంశంలో ఉన్న విద్యే కదా అని, పోయిన ఏడు నేనూ ఆ ఏరు గెంతబోయి నడుం విరగ్గొట్టుకున్నానురా!"

ఇప్పుడు జంబుకయ్య ఒకటో తరగతిలో ముందు వరసలో కూర్చుని గేదె భాష దిద్దుకుంటున్నాడు.

నీతి: చరిత్ర చెక్కుచెదరకుండా ఉండాలంటే పిల్లలకు రెండో భాష నేర్పకూడదు.