సైనైడ్ దిబ్బ మీద గంగమ్మ నౌకాయుద్ధం

ఓ క్రీడా ఛానళ్ల ఏలికలారా! ఆకాశంలో ఉపగ్రహాలను, వీధిలో కేబుల్ తీగలను, ఇంటింటా రిమోట్లను గుప్పిట పెట్టుకున్న ప్రభువులారా! ఈ పాపం మీది. ముమ్మాటికీ మీది. నిరుడు ముగిసిపోయిన క్రికెట్టు మ్యాచిని మొన్న చూపించారు, నిన్న చూపించారు, ఈవేళ జనం పళ్లు తోముకునే వేళకూ చూపించారు. ఒకసారి అవుటైనవాడే వెయ్యిసార్లు అవుటవుతుంటే మీకు విసుగు పుట్టలేదు. ఆసియా ఖండమంతా కదలివచ్చిన క్రీడామహోత్సవంలో, ఉత్తుంగ తరంగ భీషణమైన సాగర రణరంగాన, కోలారు బంగారు గనుల కె.జి.ఎఫ్. పిల్ల ఒక్కతే తెరచాప పడవనెక్కి పోరాడుతుంటే మాత్రం మీ దగ్గర ఒక్క ఛానలూ ఖాళీ లేకపోయింది! మీరు చూపించి ఉంటే ఈ కథే లేదు. చూపించలేదు గనుక వినండి. చెవులు మూసుకుంటే ఊరుకునేది లేదు.

అది భాద్రపద మాసం. ప్రచండ మార్తాండుడు నడినెత్తికి నిచ్చెన వేసుకుని ఎక్కుతున్న సమయం. కోలారు మండీలో టమోటా క్రేట్ల పర్వతశ్రేణులు లారీలెక్కి తరలిపోగా, బంగారుపేట జంక్షన్‌లో చెన్నై రైలు దిక్కులు పిక్కటిల్లేలా కూత పెట్టగా, పూర్వం పాతాళం దాకా తవ్వి లోకానికి బంగారమిచ్చి తన వంతుకు మట్టిదిబ్బలు మాత్రమే మిగుల్చుకున్న మారికుప్పంలో, గని కార్మికుల కోసం కట్టిన లైను ఇళ్ల వరసలో, సలసల మరిగే తైలకటాహానికి జంకని ధీర, చిల్లుల గరిటె ధరించిన చండిక, బోండా బజ్జీ సామ్రాజ్య పట్టాభిషిక్త అయిన గంగమ్మ తన పొయ్యి ఆర్పింది. ఆర్పింది! బేరం జోరుగా సాగే వేళ గంగమ్మ పొయ్యి ఆర్పిందంటే లైను ఇళ్లవాళ్లకు అర్థమైపోయింది, యుద్ధం తప్పదని.

యుద్ధానికి కారణం మంజుశ్రీ. గంగమ్మ చెల్లెలి కూతురు. తల్లి పోయిన పసిగుడ్డును గంగమ్మే పెంచింది. పొద్దున రైలెక్కి బెంగళూరు కాలేజీకి పోయి, ఎన్.సి.సి.లో నౌకాదళం వాళ్ల దాంట్లో చేరి, అక్కడొక చెరువులో మొదటిసారి పడవెక్కి, ఇంక దిగనే లేదు ఆ పిల్ల. చెరువు నుంచి సముద్రానికి, సముద్రం నుంచి ఆసియా క్రీడలకు పోయింది. ఒక్కరే నడిపే పడవ, ఒక్క తెరచాప, తోడు గాలి తప్ప ఎవరూ లేరు.

ఇది లైనులో ఎవరు నమ్మాలి? ముఖ్యంగా పిల్లమ్మ నమ్మాలి. పక్కింటి పిల్లమ్మ, కొళాయి కట్టకు అధిష్ఠానదేవత, ఆమె నమ్మితే లైనంతా నమ్మినట్టు, ఆమె పెదవి విరిస్తే లైనంతా విరిచినట్టు. ఆమె విరిచింది.

"పడవంట, సముద్రమంట! మనకు కొళాయిలో నీళ్లు ఎబుడొస్తాయో దేవునికే తెలీదు, ఈయమ్మ బిడ్డకు మాత్రం సముద్రమంట. మన కోలారు పక్క నరసాపురం కంపెనీ బస్సులో కిటికీ కాడ కూర్చోనుండేది నేను నా కండ్లారా చూసినాను. ఫ్యాక్టరీ పనికి పోతే తప్పా ఏమన్నా? ఊరికే సుమ్నె యాల ఈ కతలు?"

ఆ మాట గంగమ్మ గుండెలో గునపమై దిగింది. ఎందుకంటే బోండాలు కొనేవాళ్లు కూడా "సముద్రంలో నీ బిడ్డ చేపలు పట్టిందా, అక్కా?" అని నవ్వడం మొదలుపెట్టారు. పెంచిన పిల్ల బతుకు అబద్ధమని ఊరంతా అంటుంటే చట్నీ పోసి ఇవ్వడం ఎంత కష్టమో మీకేం తెలుసు?

పడవ పందేనికి ముందు మంజుశ్రీ ఫోన్ చేసింది. "పెద్దమ్మా, సముద్రంలో నారింజ రంగు గాలిబుడగొకటి కట్టి ఉంటారు, ఆటో అంత ఉంటాది. దాన్ని చుట్టుకోని తిరగల్ల. తిరగంగానే చెయ్యెత్తి విదిలిస్తాను. బోండాలు తీసినాక నువ్వు గరిటె ఎత్తి నూనె విదిలిస్తావే, అట్లే. అది నీకే. చూస్తావు గదా?"

గరిటె ఎత్తి రెండు విదిలింపులు! ఆ విదిలింపు ఎరగనివాడు మారికుప్పంలో లేడు. ఆ నూనెచుక్కలు చొక్కా మీద పడనివాడూ లేడు. దాన్ని పిల్లమ్మ చూస్తే చాలు, ఇక నోరెత్తలేదు. గంగమ్మ కొళాయి కట్ట దగ్గర, బిందెల సాక్షిగా, కంఠమెత్తి శపథం చేసింది:

"పిల్లమ్మా! ఈ గంగమ్మ నోటి మాట నమ్మొద్దు నువ్వు. నీ కండ్లతోనే చూడు. సముద్రాన్ని ఈడికి తెప్పిస్తాను. నా బిడ్డ చెయ్యెత్తేది నువ్వు చూడకపోతే రేపటి నుంచి నా బాండలి నీ ఇంటి ముందర పెట్టేస్తాను, నువ్వు దాంట్లో కుక్కకు గంజి పొయ్యి!"

"సెరి, వస్తాను," అంది పిల్లమ్మ. "కుక్క కూడా ఉండాది నాకాడ."

టీవీలో రాదని తేలిపోయింది. పందెం నడిపేవాళ్లు ఫోన్లలో చూపిస్తున్నారని కనిపెట్టినవాడు ఆటో మునేష్. కానీ లైను ఇళ్లలో సిగ్నల్ రాదు. వచ్చేది ఒక్కచోటే, సైనైడ్ దిబ్బ మీద. బంగారం పిండుకున్నాక పారబోసిన తెల్లమట్టి కొండ అది. చెట్టు లేదు, నీడ లేదు, ఎండకు ఫోను తెర అద్దంలా మెరిసి మన ముఖమే మనకు చూపిస్తుంది. అందుకని గంగమ్మ లారీ హనుమప్పను అడిగి టమోటా లోడుకు కప్పే నీలం టార్పాల్ తెచ్చింది. టమోటా మొక్కలకు ఊతం కట్టే పొడుగు కర్రలు రెండు తెచ్చింది. కింది అంచు మీద రాళ్లు పెట్టి, పై మూలలు రెండింటినీ రెండు కర్రలకు కట్టి, ఒక కర్ర తాను, ఒక కర్ర పిల్లమ్మ పట్టుకుంటే లోపల చీకటి గుహ తయారైంది. ఆ గుహలో మునేష్ ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పక్కన సర్వసేనాని దొడ్డమునియప్ప.

దొడ్డమునియప్ప ఎవరంటారా? గని బావి నోటి దగ్గర గంట కొట్టి బతికిన వీరుడు. ఒక్క దెబ్బ కొడితే మనుషుల్ని గనిలోకి దించే బోను ఆగాలి. రెండు కొడితే దించాలి. మూడు కొడితే లోపల మనుషులున్నారు, భద్రం. గని మూతపడి ఏళ్లయినా ఆ గంట లైను ఇళ్లవాళ్ల ఎముకల్లో మోగుతూనే ఉంది. ఉయ్యాల ఊపే తల్లి కూడా ఒక్క దెబ్బ వినిపిస్తే ఆపుతుంది. ఆయన గంటకు బదులు స్టీలు తట్ట, అంటే అన్నం తినే పళ్లెం, గరిటె పట్టుకొచ్చి ప్రకటించాడు:

"బయట కర్ర పట్టుకున్నోళ్లకు లోపల బొమ్మ కనబడదు. కాబట్టి నా గంటే మీకు కన్ను. గంట మాట వినకుండా బావిలో ఎవురూ బతికింది లేదు. తెలిసిందా అమ్మా?"

"తెలిసిందప్పా," అన్నారు ఇద్దరూ.

మొదలైంది. పడమటి గాలి, ప్రళయకాల ఝంఝామారుతానికి పెద్దకొడుకు, హోరుమని వచ్చి టార్పాల్ పొట్టలో దూరింది. నీలి వస్త్రం నిండు గర్భిణిలా ఉబ్బింది. గంగమ్మను రెండడుగులు ముందుకు ఈడ్చుకుపోయింది. పిల్లమ్మ కొంగు ఎగిరి ముఖానికి చుట్టుకుంది. తెల్లమట్టి కళ్లలో, ముక్కులో, పళ్ల సందుల్లో చేరి సమస్త ఇంద్రియాలనూ ఆక్రమించింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి మునేష్ అరిచాడు.

"అక్కా, ఆడ గాలి లేదంట! పడవలన్నీ సుమ్నె నిలబడిపోయినాయి. గాలి వచ్చినాకే పందెమంట!"

గాలి లేదట! కర్రను కౌగిలించుకుని వేలాడుతున్న గంగమ్మ ఆకాశం వైపు తలెత్తి, దేవతలు ఉలిక్కిపడేలా గర్జించింది:

"ఓరే వాయుదేవుడా! నీకు బుద్ధి ఉండాదా? ఈడ బోండాల పొయ్యి ఆర్పుకున్న ఆడదాని కొంగు పీకుతాండావు, ఆడ నా బిడ్డ తెరచాపకు ఊపిరి లేదంట! యాడికి పోవల్లో కూడా తెలీదా నీకు? పో! తూర్పుకు పో! బేగ పో!"

నమ్మితే నమ్మండి, కాసేపటికి అక్కడ గాలి లేచింది. ఇక్కడిది మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.

"మొదలాయె! మొదలాయె!" మునేష్ కేక. తెర మీద తెల్లని తెరచాపలు హంసల బారులా ఒక్క పెట్టున ఒరిగి దూకాయి. వాటి మధ్య మన జెండా ఉన్న తెరచాప! దొడ్డమునియప్ప ఆనందం ఆపుకోలేకపోయాడు. చేతిలో ఉన్నది తట్ట. టంగ్, టంగ్!

రెండు దెబ్బలు.

రెండంటే దించాలి. గంగమ్మ దించింది. పిల్లమ్మ దించింది. ఆలోచించనే లేదు ఇద్దరూ. తాతలు విన్నారు, తండ్రులు విన్నారు, చేతులు వాటంతటవే విన్నాయి. నీలం ఆకాశం కూలినట్టు టార్పాల్ నలుగురి నెత్తిన పడింది. ఆ అంధకారంలో మునేష్ మోచెయ్యి దొడ్డమునియప్ప ముక్కును, దొడ్డమునియప్ప తట్ట పిల్లమ్మ మోకాలిని తాకగా మహాకలకలం చెలరేగింది.

"ఎవురప్పా దించమనింది?"

"నేను దించమన్లే! సంతోసానికి కొట్టినాను!"

"సంతోసానికి ఒకటి కొట్టల్ల, ఐదు కొట్టల్ల! రెండు కొడతారా ఎవురన్నా? నీ సంతోసానికి బోను అడుగుకు పోయింటే?" గంగమ్మ గద్దించింది.

దొడ్డమునియప్ప తల దించుకున్నాడు. తప్పు ఆయనకు తెలుసు. గంగమ్మ ఆయన చేతిలోంచి గరిటె లాగి తన నడుములో దోపుకుంది. ఈ లోకంలో సేనాపతిని నిరాయుధుణ్ణి చేసి యుద్ధం సాగించిన సైన్యం ఇదొక్కటే. మళ్లీ కర్రలు లేచాయి. మళ్లీ గుహ ఏర్పడింది. కానీ సిగ్నల్ పోయింది. తెర మధ్యలో ఒక చక్రం, అదే విష్ణుచక్రంలా, ఎవరినీ సంహరించకుండా ఊరికే తిరుగుతోంది.

"చూసినావా?" అంది పిల్లమ్మ కర్ర వెనక నుంచి. "సముద్రమూ లేదు, ఏమీ లేదు. ఫోనుకే సిగ్గేస్తాండాది నీ కతకు. నా కుక్కకు గంజి కాంచేదా?"

గంగమ్మ నోట్లోని మన్ను ఉమ్మి కర్రను ఇంకా బిగించి పట్టుకుంది.

చక్రం ఆగింది! బొమ్మ వచ్చింది! "అక్కా, బుడగ! నారింజ బుడగ! మన పాప దాని దగ్గరికి వస్తాండాది, ముందర కొందరు పోయినారు, ఎనకాల కొందరుండారు, మనది నడిమద్దె ఉండాది! బేగ రండి, బేగ!"

ఇద్దరూ కర్రలు పట్టుకుని ఉన్నారు. ఒక కర్ర వదిలితే నీడ పోతుంది, నీడ పోతే బొమ్మ పోతుంది. చూడాలని పొయ్యి ఆర్పుకుని వచ్చింది గంగమ్మ. ఆ విదిలింపు ఆమెకోసమే.

"పిల్లమ్మా, ఆ కర్ర నాకియ్యి. పో. లోపలికి పొయ్యి చూడు."

"నువ్వు?"

"పొయ్యేవా లేదా!"

పిల్లమ్మ గుహలోకి దూరింది. రెండు కర్రలూ రెండు చేతులా పట్టుకున్న గంగమ్మ మీదికి గాలి సర్వసైన్యసమేతంగా విరుచుకుపడింది. ఎదురొడ్డి నిలిస్తే ఎత్తి అవతల పారేసేలా ఉంది. అప్పుడా వీరాంగన మడమలు మట్టిలో దిగ్గొట్టి, నడుము వెనక్కి వాల్చి, వెల్లకిలా పడబోతున్నట్టు పడకుండా, తన యావద్దేహభారాన్నీ గాలికి ఎదురు తూకం వేసి వేలాడింది. టార్పాల్ బిర్రుగా నిలిచింది. ఆ సమయాన అంత దూరపు సముద్రం మీద మంజుశ్రీ కూడా పడవ అంచున కాళ్లు తన్నిపట్టి, నడుము నీళ్ల మీదికి వాల్చి, సరిగ్గా ఇలాగే వేలాడుతోంది. అది చూసినవాళ్లకు ఇది కనిపించలేదు. ఇది చేస్తున్నదానికి అది కనిపించలేదు.

గంగమ్మ చెవులు రిక్కించింది. గాలి తప్ప ఏమీ లేదు.

పిల్లమ్మ బయటికి వచ్చింది. కనురెప్పల దాకా తెల్లమట్టి. నెమ్మదిగా కుడిచెయ్యి పైకెత్తింది. విదిలించింది. మళ్లీ విదిలించింది.

"నీ చెయ్యే," అంది. "అచ్చం నీ చెయ్యే, అక్కా. నూనె మింద పడతాదేమో అనుకోని పక్కకు జరిగినాను నేను."

గంగమ్మ వేలాడుతూనే ఉంది. కళ్లలో మన్ను పడింది గనుక నీళ్లు కారాయి. ఇంకే కారణమైనా చెప్పేవాడి పళ్లు రాలగొట్టేది ఆమె. "మళ్లొకసారి చేసి చూపీ," అంది. పిల్లమ్మ మళ్లీ చేసింది. గంగమ్మ చూసింది.

"ఇంగ ఆ బస్సులో ఉండేది..." పిల్లమ్మ గొంతు సవరించుకుంది. "ఆ బస్సులో ఉండేది వేరే పిల్లేమోలే."

ఏమోలే! పిల్లమ్మ ఏమోలే అన్నది! దిక్కులారా, దిక్పాలకులారా, కొళాయి కట్టమీది బిందెలారా, వినండి! నోటిమాట వెనక్కి తీసుకోవడమన్నది పుట్టాక ఎరగని పిల్లమ్మ నోట, సైనైడ్ దిబ్బ శిఖరాన, పట్టపగలు, ఇద్దరు మగవాళ్ల సాక్షిగా, ఏమోలే అనే మహావాక్యం వెలువడింది! మంజుశ్రీ ఆ పందేన్ని నడిమి స్థానంలోనే ముగించింది, పతకం దరిదాపుల్లో లేదు. అయితేనేం? సముద్రం మారికుప్పం వచ్చింది. గంగమ్మ బాండలి గంగమ్మదే. కుక్కకు గంజి వేరే గిన్నెలో పొయ్యాలి. జయం! దిగ్విజయం! గంగమ్మ నడుములోంచి గరిటె తీసి దొడ్డమునియప్పకు తిరిగి ఇచ్చింది. ఆయన ఈసారి అడిగి మరీ కొట్టాడు, రెండు దెబ్బలు. టార్పాల్ దిగింది.

మరి మీరు, ఛానళ్ల ఏలికలారా? చేతులు కట్టుకుని కథ విన్నారు కదా, ఇక లేవండి. పడవ పందెం ఒక్కరోజుతో అయిపోదు. రేపు ఇంకొకటి ఉంది. మీ పాత క్రికెట్టులో అవుటైనవాణ్ణి ఒక్కపూట పడుకోనివ్వండి. ఒక్క ఛానలు ఖాళీ చేయండి. సముద్రం చూపించండి, నారింజ బుడగ చూపించండి, ఆ చెయ్యి చూపించండి. రేపు పొద్దున గంగమ్మ తన ఇంట్లో, టీవీ ముందర కూర్చుని చూడాలి. రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని చూడాలి.