సైతాను తలుపుకి వాస్తు

ఆ మంగళవారం దివాకర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి మేనేజరు గ్రాహం గదిలోకి వెళ్ళడం, గ్రీన్ కార్డు ఫైలింగ్ మొదలుపెట్టమని అడగడం, పదింటికల్లా తన సీట్లో ఉండడం. ఆరేళ్ళకి మించి ఉండనివ్వని హెచ్‌వన్‌బీ వీసా మీద ఐదో ఏడు ముగియడానికి రెండు నెలలే ఉంది. ఆలోగా ఫైలు కదలకపోతే, నలభై ఒక్క ఇళ్ళు చూసి, వాస్తు కుదరక నలభై వదిలేసి, ప్లేనోలో కొనుక్కున్న తూర్పు వాకిలి ఇల్లు అమ్ముకుని వచ్చే ఏడాది విమానం ఎక్కడమే.

"డైరెక్ట్‌గా అడిగేయకండి," అని గరాజ్ దాకా వచ్చి మరీ చెప్పింది భార్య త్రివేణి. "ముందు ఆయన సంగతులేవన్నా కదపండి. మనిషి కాస్త మెత్తబడ్డాక అప్రూవల్ మాట ఎత్తండి."

దివాకర్ భార్య మాట జవదాటడు. జవదాటే రకమైతే ఇంత దూరం వచ్చేది కాదు.

గ్రాహం ఇంగ్లండు మనిషి. లాస్ కొలీనాస్ ఆఫీసులో పదిహేనేళ్ళుగా ఉంటున్నా అతని గోడ మీద మాత్రం సొంతూరి చర్చి ఫొటోనే. దివాకర్ దాని వంక చూసి, "బాగుందే, పాతదా?" అన్నాడు. అంతే, అడుసులో కాలు పెట్టాడు. ఎనిమిది వందల ఏళ్ళ నాటిదట. గంటల గోపురం మాత్రం మరో రెండు వందల ఏళ్ళకి గానీ లేవలేదట. చూరు చుట్టూ వాన నీళ్ళు కక్కే రాతి భూతాలు, అందులో ఒక దాని ముఖం మేస్త్రీకి గిట్టని బావమరిదిదట. శవాన్ని మోసుకొచ్చినవాళ్ళు పాస్టరు కోసం తడవకుండా నిలబడ్డానికి గేటుకే ఒక పైకప్పు. గోడల నిండా ఉన్న రంగు బొమ్మల్ని తర్వాతెప్పుడో క్రైస్తవంలోనే శాఖ మారిన ఊపులో సున్నం కొట్టి కప్పేశారట. పదిన్నరయింది. చివరికి గ్రాహం చర్చి ప్లాను తీసి బల్ల మీద పరిచాడు.

ఇంటి ప్లాను కనబడ్డాక తెలుగువాడి నోరు ఊరుకోదు. "దేవుడు తూర్పున ఉన్నాడు, మంచిదే. మరి ఈ ఉత్తరం గుమ్మం మూసేశారేం? ఉత్తరం మూస్తే ఎదుగుదల ఉండదు," అనేశాడు దివాకర్.

గ్రాహం ముఖం పాలిపోయింది. ఆ గుమ్మాన్ని అక్కడ సైతాను తలుపు అంటారట. పసిపిల్లకి రాతి తొట్టి దగ్గర జ్ఞానస్నానం చేయిస్తుంటే, బిడ్డలోంచి బయటపడ్డ సైతాను పారిపోవడానికి దాన్ని తెరిచి ఉంచేవాళ్ళు. వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడేమోనని ఒక తరంవాళ్ళకి అనుమానం వచ్చి రాళ్ళతో పూడ్చేశారు.

"ఇప్పుడు ఆదివారం ప్రార్థనకి తొమ్మిది మంది వస్తారు," అన్నాడు గ్రాహం గొంతు తగ్గించి. "అందులో ఒకాయన కుక్కని నిద్రపుచ్చడానికి వస్తాడు. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం!"

గ్రీన్ కార్డు మాట దివాకర్ నాలిక చివరికి వచ్చేసరికి గ్రాహం ఇంగ్లండుకి ఫోన్ కలిపేశాడు.

గురువారం చర్చి కమిటీతో వీడియో కాల్. తెర మీద ఆరుగురు ముసలివాళ్ళు, ఆరుగురి చేతుల్లోనూ టీ కప్పులు. "నాకు తెలిసిందల్లా మా ఇంటి వరకేనండీ," అన్నాడు దివాకర్. అసలైన పండితులు ఇలాగే అణకువగా ఉంటారని వాళ్ళు మురిసిపోయారు. "అంత పాత కట్టడాన్ని కదపకపోవడమే మేలు," అన్నాడు. పెద్దలంటే ఇండియావాళ్ళకి ఎంత గౌరవమోనని అధ్యక్షురాలు కళ్ళు తుడుచుకుంది. వారం తిరిగేసరికి ఊరు రెండు పార్టీలైంది. గుమ్మం తెరిస్తే వాడు మళ్ళీ వస్తాడనేది సైతాను పార్టీ, తెరవాల్సిందేననేది దివాకర్ పార్టీ.

"నాకేం తెలీదని ఒప్పేసుకుంటా త్రివేణీ. నిద్ర పట్టట్లేదు."

"మీకేమన్నా పిచ్చా? సైన్ పడేదాకా మీకు అన్నీ తెలుసు. కృష్ణమోహన్ గారికి కాల్ చేయండి."

కృష్ణమోహన్ గారు ఇర్వింగ్‌లో ఉంటారు. ఫోన్లోనే వాస్తు చెబుతారు. గోడ కూల్చొద్దని ఆయన చేత అనిపించుకుంటే బయటపడొచ్చని దివాకర్ ఆశ.

"ఓనర్ ఎవరండీ? డేట్ ఆఫ్ బర్త్ చెప్పండి."

"దేవుడండీ. డిసెంబర్ ఇరవై ఐదు అంటారు."

"టైమ్?"

"అర్ధరాత్రి అంటారు."

కాసేపు కీబోర్డు టకటకలాడింది. "కన్యాలగ్నం. నిక్షేపంగా తెరవచ్చు."

దివాకర్ పార్టీ గెలిచింది. అనుమతులొచ్చాయి, అధికారులొచ్చారు, మేస్త్రీలొచ్చారు. రాళ్ళు తీస్తున్న రోజు దివాకర్ లంచ్ బాక్సు మూత కూడా తీయలేదు. ఎనిమిది వందల ఏళ్ళు నిలబడ్డ గోడ తన నోటిదురద వల్ల కూలితే, కార్డు సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఉండదు. రెస్ట్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గోడ కూలలేదు. సున్నం కొట్టడానికి ముందే పూడ్చిన గుమ్మం కావడంతో, రాళ్ళ వెనక ఒక పాత బొమ్మ రంగు చెదరకుండా దొరికింది. పెద్ద బాణలి, కింద మంట, బాణలిలో పాపులు, పక్కనే గరిటె పట్టుకుని ఉప్పు చూస్తున్న సైతాను. టీవీవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ ఆదివారం ప్రార్థనకి రెండు వందల మంది వచ్చారు. కుక్కకి నిద్ర కరువైంది.

గ్రాహం దివాకర్‌ని గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది, గట్టిగా కౌగలించుకున్నాడు. "నీ కోసం నేనే పై వాళ్ళతో పోట్లాడి సంతకం చేయించాను," అంటూ కవరు చేతిలో పెట్టాడు. దివాకర్ సంతోషం పట్టలేక దాన్ని అక్కడికక్కడే చింపాడు.

రెండేళ్ళ పాటు ఇంగ్లండుకి బదిలీ.

"మా ఊళ్ళోనే ఉండి పని చేసుకో. కమిటీ నిన్ను వదలనంటోంది. చుట్టుపక్కల చర్చిలు ఇంకో పదకొండు ఎదురుచూస్తున్నాయి."

"మరి... నా గ్రీన్ కార్డు?"

"దానికి తొందరేముంది? అమెరికాలో లేనన్నాళ్ళు నీ ఆరేళ్ళ వీసా గడియారం కదలదట. లాయర్‌ని కూడా అడిగాను!"

దివాకర్ అక్కడే నిలబడి త్రివేణికి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అక్కడికి ఇండియన్ స్టోర్ ఎంత దూరమో కనుక్కోండి," అంది త్రివేణి.

దివాకర్ గ్రాహంని అడిగాడు.

"గంటన్నర," అన్నాడు గ్రాహం ఉత్సాహంగా. "దారికి గొర్రెలు అడ్డం రాకపోతే."