అర ఖాళీ చేయాలా?

మెయిల్ వచ్చినప్పుడు హర్షిణి చేతిలో గరిటె ఉంది, పొయ్యి మీద ఉప్మా ఉంది. మెయిల్ చదవడం పూర్తయ్యేసరికి గరిటె సోఫాలో ఉంది, ఉప్మా అడుగంటింది, నితీష్ నోటినిండా టూత్‌పేస్ట్ నురగతో బాత్‌రూమ్‌లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? చెయ్యి కాలిందా?"

"తెలుగు తీసుకున్నరు! లాంతర్ల మన తెలుగు తీసుకున్నరు నితీష్!"

లాంతర్ అంటే ఫోన్‌లో ఆండ్రాయిడ్‌కు బదులుగా వేసుకోగల మరో ఓఎస్. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో జీతం లేకుండా, తీరిక వేళల్లో తయారుచేస్తున్నారు. దాని తెర మీద కనిపించే ప్రతి మాటనూ తెలుగులో రాసే పని హర్షిణి పెళ్ళికి ముందే నెత్తికెత్తుకుంది. మెహందీ పెట్టించుకుని రెండు చేతులూ కదపలేని స్థితిలో కూడా, 'క్యాన్సిల్' అనే బటన్‌కు ఏ మాట బాగుంటుందా అని ఆలోచించి, చెల్లెలి చేత పెళ్ళికొడుక్కి ఫోన్ చేయించింది. "బాగ ఆలోచించిన. వద్దు అనే అనుకుంటున్న" అని మొదలుపెట్టేసరికి, వద్దన్నది పెళ్ళినే అనుకున్నాడు నితీష్.

పెళ్ళయి రెండు నెలలు. మాదాపూర్‌లో మెట్రోకు నడిచి వెళ్ళగలిగే దూరంలో, రెండో అంతస్తులో చిన్న వాటా. కిటికీలోంచి మెడ బాగా వంచి చూస్తే రెండు మేడల సందులో సైబర్ టవర్స్ ముక్క ఒకటి కనిపిస్తుంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళ చేతా ఇద్దరూ కలిసి మెడ వంచించి మరీ చూపిస్తారు.

ఆ సంతోషంలో నితీష్ నోరైనా కడుక్కోకుండా కిటికీ దగ్గరికి పోయి, కింద ఇస్త్రీ బండి దగ్గరున్న ఎల్లయ్యను కేకేశాడు. "ఎల్లయ్యా! మా ఆవిడ ఫోన్‌కి తెలుగు నేర్పింది!"

"మంచిగైంది సార్. బట్టలేమన్న ఉన్నయా?" అన్నాడు ఎల్లయ్య.

అయితే మెయిల్ చివర ఒక మెలిక ఉంది. కొత్త విడుదలకు ఆ సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేస్తారు. ఈలోగా ఎవరైనా ఒక నిజమైన ఫోన్‌లో మొదటి నుంచి చివరి దాకా తెలుగులోనే లాంతర్ ఎక్కించి ఫోటోలు పంపాలి. తెలుగు చదవగల మరో ఐదుగురు ఆ తెరలన్నీ చదివి, వెబ్‌సైట్‌లో 'అర్థమైంది' అని నొక్కాలి. లేదంటే తెలుగు వచ్చే ఏడాదే.

"వచ్చే ఏడాది ఏంది? కన్నడం ఈసారే వస్తున్నది!" అంది హర్షిణి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

"నా ఫోన్ లేదూ?" అన్నాడు నితీష్ గుండె మీద చెయ్యి వేసుకుని. "నా పెళ్ళాం రాసిన తెలుగు మొదట నా ఫోన్‌లోనే వెలగాలి."

ఉపాయం తేలికైనదే. ఫోన్ మెమరీని రెండు పార్టిషన్లు చేస్తారు. ఒకదానిలో పాత ఆండ్రాయిడ్ ఉంటుంది, రెండోదానిలో లాంతర్ ఉంటుంది. సగం పాతదానికి, సగం కొత్తదానికి. ఆఫీసు పనికీ అడ్డం ఉండదు.

అన్ని మాటల్లోనూ హర్షిణిని బాగా ఏడిపించింది ఈ 'పార్టిషన్' అనే మాటే. నిఘంటువులో చూస్తే 'విభజన' అని ఉంది. నితీష్ ఒప్పుకోలేదు. "నీది మూసాపేట, నాది తెనాలి. కొత్త కాపురంలో ఆ మాటెందుకు హర్షీ?" అన్నాడు. చివరికి ఒక ఆదివారం బీరువా సర్దుతూ, తన చీరల పక్కన అతని చొక్కాలు పెట్టబోయి, ఆమె ఆగిపోయింది. 'అర'. బీరువాలో అర. పుస్తకాల అర. ఏ అరలో వస్తువులు ఆ అరలో ఉంటాయి. ఆ రెండక్షరాలను చూసుకుని ఆమె మురిసినంతగా పెళ్ళి పట్టుచీరను చూసుకుని కూడా మురవలేదు.

నితీష్ ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో దాచి, వైరు తగిలించి, పని మొదలుపెట్టాడు. తెర మీద వచ్చే ప్రతి తెలుగు వాక్యాన్నీ బడిపిల్లాడిలా గట్టిగా చదువుతూ, వంటింట్లో మాడిన గిన్నె తోముతున్న భార్యకు వినిపించాడు. "'కాసేపు ఆగండి' అంటోంది హర్షీ! ఎంత మర్యాదో చూడు! నా పాత ఫోన్ ఏనాడైనా నన్ను ఆగండి అందా?"

అప్పుడు వచ్చింది ఆ తెర. 'అర ఖాళీ చేయాలా?' కింద రెండు బటన్లు. చేయి. వద్దు.

నితీష్‌కు అర అంటే అరకిలో, అరగంట, అర కప్పు కాఫీ. ఖాళీ కావలసింది సగమే కదా, ఫోన్ కూడా సరిగ్గా అదే అడుగుతోంది. భార్య తెలివికి మరోసారి మురిసిపోయి, 'చేయి' నొక్కాడు.

"నితీష్! అర ఖాళీ చేసినవా?" వంటింట్లోంచి హర్షిణి కేకేసింది, నల్లా చప్పుడుకు మించి.

"చేసేశా!" అని ఇంకా పెద్దగా అరిచి, తెర చూసి, గతుక్కుమన్నాడు. "హర్షీ, మొత్తం ఖాళీ అయిపోయింది! ఒక్కటీ మిగల్లేదు!"

సరిగ్గా అప్పుడే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కనకలక్ష్మి, కొత్త జంటకు తోడు పెరుగు ఇద్దామని గిన్నెతో మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమెది మాదాపూరే. ఈ అద్దాల మేడలు లేని రోజుల నుంచీ అక్కడే ఉంది. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో గదిని అర్ర అంటారు. నల్లా చప్పుడులో ఆమెకు వినిపించింది కూడా అదే. అర్ర ఖాళీ చేసినవా? చేసేశా. మొత్తం ఖాళీ. ఆమె తలుపు కొట్టలేదు. పెరుగు గిన్నెతో వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి నిట్టూరుస్తూ దిగిపోయింది.

"ఎంతమందిని కాదని ఈళ్ళకిచ్చిన!" అంది భర్త ఐలయ్యతో. "ఒక్క మాట చెప్పకుంట అర్ర ఖాళీ చేసి పోతున్నరు. ఆ పిల్లగానికి ఫోన్ చెయ్యి."

ఐలయ్య చేశాడు. స్విచ్చాఫ్ అని వచ్చింది.

"చూసినవా? ఫోన్ గూడ బంద్ వెట్టుకున్నడు!"

"పోతే పోనియ్యే. మాదాపూర్ల ఇండ్లు తక్కువ గని మనుషులు తక్కువనా?" అని ఐలయ్య తాను మెంబరుగా ఉన్న కిరాయి ఇండ్ల వాట్సాప్ గ్రూపులో అడ్రసుతో సహా నాలుగు ముక్కలు పెట్టాడు. 'మెట్రో దగ్గర. రెండో అంతస్తు. ఈ రోజే ఖాళీ.' తర్వాత పేపర్ చదువుకోవడంలో పడ్డాడు.

పైన నితీష్ తల పట్టుకుని కూర్చున్నాడు. "అర అంటే సగం కదా?"

"బీరువల అర! ఎన్నిసార్లు చెప్పిన!"

ఫోటోలు భద్రంగానే ఉన్నాయి. కానీ ఫోన్ నంబర్లు పోయాయి, ఆఫీసు లాగిన్ పోయింది, పాత ఆండ్రాయిడ్ పోయింది. హర్షిణి అతని తల నిమిరింది. "ఫికర్ జెయ్యకు. అన్ని మళ్ళ ఎక్కించుకుందం. ముందు తెలుగు ఎక్కనియ్యి." అన్నట్టుగానే మధ్యాహ్నానికి లాంతర్ ఎక్కింది. రెండు అరలూ సరిగ్గా వచ్చాయి. నితీష్ భార్య ఫోన్‌తో ప్రతి తెరనూ ఫోటో తీశాడు, ఆమె బొటనవేలు కూడా పడేలా.

ఇక కావలసింది ఐదుగురు. నితీష్ నంబర్లన్నీ పోయాయి కాబట్టి హర్షిణి తన స్నేహితులకు వరసగా మెసేజ్‌లు పెట్టింది. ఒకామె చప్పట్ల బొమ్మలు పంపి ఊరుకుంది. ఇంకొకతను "మాట్లాడతాను గానీ చదవడం రాదు" అన్నాడు. టీమ్ లీడ్ "దీనికి ఇంగ్లిష్ వెర్షన్ ఉందా?" అని అడిగాడు. చివరికి రోహిణి అనే స్నేహితురాలు ఆశ చూపించింది. "మా హాస్టల్ల అడుగుత. తెలుగు చదివెటోళ్ళు దొరికితే మీ ఇంటికే తోలిస్త."

నాలుగు దాటాక బెల్లు మోగింది. తలుపు తీస్తే ఇద్దరు కుర్రవాళ్ళు.

"నా పేరు రాకేశ్. వీడు మా రూమ్మేట్ రాజు. చూడనీకి వచ్చినం," అన్నాడు మొదటివాడు.

"రండి రండి! మీకోసమే చూస్తున్నం!" హర్షిణికి ప్రాణం లేచొచ్చింది.

రాకేశ్ హాలంతా ఒకసారి కలియజూశాడు. హాస్టల్లో ఒకే గదిని నలుగురితో పంచుకుంటున్నవాడి చూపు అది. "ఎప్పుడు ఖాళీ చేస్తున్నరన్నా?"

"పొద్దున్నే చేసేశానండీ. ఒక్క బటన్ నొక్కానంతే, మొత్తం పోయింది."

రాకేశ్ సోఫా వైపూ బీరువా వైపూ చూశాడు. "మరి ఇవన్ని?"

"అవి ఇక్కడే ఉంటాయి. కూర్చోండి, కూర్చోండి."

"ఫర్నిచర్‌తోనట రా," అన్నాడు రాకేశ్ రాజు చెవిలో.

వాళ్ళు కూర్చునేలోగా మరో జంట వచ్చింది. జాన్సన్, మెర్సీ. వచ్చే నెలలో పెళ్ళట. మెర్సీ దగ్గరలోని ఆసుపత్రిలో నర్సు. ఆమె అడిగే తీరు కూడా రోగిని పరీక్షిస్తున్నట్టే ఉంది.

"నీళ్ళ సంగతి ఎలాగండీ?"

"నీళ్ళు మాత్రం అస్సలు తగలనివ్వకూడదండీ," అన్నాడు నితీష్. "పాత మోడల్ కదా."

మెర్సీ జాన్సన్ మొహం చూసింది. "పోనీ, వెలుతురు బాగా వస్తుందా?"

"అది మన చేతిలోనే ఉంటుంది. వేలితో ఇలా జరిపితే పెరుగుతుంది, అలా జరిపితే తగ్గుతుంది. వాల్‌పేపర్ కూడా మీ ఇష్టం, రోజుకొకటి మార్చుకోవచ్చు."

"ఇంత మంచి ఓనర్ ఎక్కడా దొరకడు మెర్సీ," అన్నాడు జాన్సన్ నెమ్మదిగా. తర్వాత గొంతు పెంచి, "ఎండాకాలం వేడెక్కుతుందాండీ?"

"కొంచెం. చార్జింగ్ పెట్టినప్పుడైతే బాగా కాలుతుంది."

"చార్జింగా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేలోపే మెట్ల మీద పెద్ద గొంతు వినిపించింది. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు అప్పటికే మెట్ల పొడుగునా నిలబడ్డారు. వాళ్ళను తోసుకుంటూ కనకలక్ష్మి లోపలికి వచ్చింది.

"ఇగ ఇల్లు సూపెట్టుడు గూడ మీరే మొదలువెట్టిన్రా? బిడ్డ లెక్క చూసుకున్న గదనే నిన్ను! అర్ర ఖాళీ చేస్తున్నమని నాకొక్క మాట చెప్పనీకి నోరు రాలే?"

"ఏ అర్ర ఆంటీ?"

"పొద్దుగాల నువ్వే ఒర్రినవ్, అర్ర ఖాళీ చేసినవా అని. నేను తలుపు కాడ్నే ఉన్న!"

"అది అర్ర కాదండీ, అర," అన్నాడు నితీష్ చేతులు జోడించి. "అంటే సగం..."

"సగం కాదు!" హర్షిణి మండిపడింది. "బీరువల అర!"

"నా ఇంట్ల బీరువ గూడ ఖాళీ చేసిన్రా?"

ఫోన్ చూపించి, మెయిల్ చదివి, పార్టిషన్ అంటే ఏమిటో చెప్పి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఐదు దాటింది. "నిజంగ పోతలేరా?" అని ఆమె రెండుసార్లు అడిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మెట్ల మీది జనం గొణుక్కుంటూ కదిలిపోయారు.

"అంటే ఇల్లు ఖాళీ లేదా అక్కా?" రాకేశ్ గొంతు పూర్తిగా చిన్నబోయింది.

"లేదు తమ్మీ," అంటుండగానే హర్షిణి ఫోన్ మోగింది. రోహిణి మెసేజ్. 'సారీనే. ఒక్కరు గూడ దొరకలే.' హర్షిణి ఆ తెర వైపు, తర్వాత ఎదురుగా ఉన్న మొహాల వైపు చూసింది. "మీలో తెలుగు చదవొచ్చేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

రాకేశ్ నొచ్చుకున్నాడు. "ఏందక్కా గట్లంటవ్? నేనూ వీడూ సర్కార్ బడిల చదివినం. పదో తరగతి దాక తెలుగే."

"ఆదివారం చర్చిలో బైబిల్ చదివేది జాన్సనే," అంది మెర్సీ గర్వంగా. "తప్పులు దిద్దేది నేను."

"నేను రోజు పేపర్ చదువుత," అంది కనకలక్ష్మి. "మా ఆయన చదివినంక."

ఐదుగురు! నితీష్ ఆనందం పట్టలేక, పొద్దున మాడకుండా వేరే గిన్నెలోకి తీసిపెట్టిన ఉప్మా అందరికీ ప్లేట్లలో పెట్టాడు. సోఫాలో ఇరుక్కుని కూర్చుని తెర తర్వాత తెర చదివారు. 'కాసేపు ఆగండి' దగ్గర మెర్సీ నవ్వింది. 'వద్దు' బటన్ చూసి, రద్దు కన్నా ఇదే మేలన్నాడు జాన్సన్. అంతా సాఫీగా నడిచి 'అర ఖాళీ చేయాలా?' దగ్గర ఆగిపోయింది.

"అర్ర అని రాయబోయి తప్పు రాసినవక్కా," అన్నాడు రాకేశ్.

"కాదండీ, సగం ఖాళీ చేయాలా అని అడుగుతోంది," అంది మెర్సీ.

"అల్మారీల అర అనుకుంట," అన్నాడు రాజు. అతను నోరు విప్పడం అదే మొదలు. కానీ అనుమానంగానే అన్నాడు. 'అర్థమైంది' మీద ఎవరి వేలూ పడలేదు. గడియారం ఆరు వైపు జరుగుతోంది.

"మార్చకు హర్షీ," అన్నాడు నితీష్ పౌరుషంగా. "అంత మంచి మాట! అర్థం కాకపోతే అది వీళ్ళ తప్పు."

"నీకు అర్థమైందా పొద్దుగాల?"

నితీష్ ఉప్మా ప్లేట్లు ఏరడం మొదలుపెట్టాడు.

హర్షిణి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎన్నో రాత్రులు ఆలోచించి తెచ్చుకున్న మాట. తెర మీద దాన్ని ఒకసారి తృప్తిగా చూసుకుంది. పొద్దున 'ఖాళీ' అనేది విని, అన్నీ సర్దుకుని పోతున్నారని భయపడింది ఒక్క ఆంటీయే. ఆ తెర దగ్గర మనిషికి కలగవలసింది సరిగ్గా ఆ భయమే. ఆమె 'అర'ను చెరిపేసి, ఆంటీ విన్న అర్రకు అందరికీ తెలిసిన మాటను టైపు చేసింది. 'గది ఖాళీ చేయాలా? ఇందులో ఉన్నవన్నీ పోతాయి.'

మూసాపేటా, తెనాలీ, సర్కారు బడీ, చర్చీ, మాదాపూరూ ఒకేసారి "ఆఁ!" అన్నాయి. ఐదు వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి 'అర్థమైంది' మీద పడ్డాయి. తలుపులు మూసే వేళకు కాస్త ముందు జవాబు వచ్చింది. తెలుగు ఈ విడుదలలోనే ఉంటుంది. చదివిన ఐదుగురి పేర్లు కూడా ఉంటాయి. నితీష్ ఫోన్ చేతికి తీసుకుని, సెట్టింగ్స్ అడుగున ఉన్న పంక్తిని ఇల్లంతా వినపడేలా చదివాడు. "తెలుగు మాటలు: హర్షిణి, మాదాపూర్!" అందరూ చప్పట్లు కొట్టారు. అతను మళ్ళీ చదివాడు. మళ్ళీ కొట్టారు. మూడోసారి చదవబోతే హర్షిణి సిగ్గుపడి ఫోన్ లాక్కుంది.

"ఇల్లు దొరకలే గని, పేరు ఎక్కింది," అన్నాడు రాకేశ్ చెప్పులు వేసుకుంటూ. ఆ మాటలో దిగులు కన్నా దర్జాయే ఎక్కువ ఉంది.

కనకలక్ష్మి మాత్రం ఫోన్‌ను ఇటూ అటూ తిప్పి చూస్తోంది. "ఇప్పుడు దీంట్ల ఎన్ని గదులున్నయి బిడ్డా?"

"రెండు ఆంటీ."

"మంచిది. రేపు పొద్దుగాల నా ఫోన్ల గూడ రెండు గదులు చెయ్యి. ఒకటి నేనుంచుకుంట, ఇంకోటి కిరాయికిస్త."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు, గుమ్మంలో ఆశగా వెనక్కి తిరిగిన రాకేశ్‌ను చూసి, పెండ్లి కానోళ్ళకు ఇవ్వనని అప్పుడే చెప్పేసింది.