ఏడో సూచన

ముందు వినిపించింది ఒక స్వరం. గుడిగంట కాదు, సైకిలు గంట కాదు. ఎవరో నిండు కంచుచెంబును ఒక్కసారి మీటి, చప్పున అరచేత అదిమి ఆపినట్టున్న నాదం. మెట్లెక్కుతున్న గుమాస్తా ఆగాశే కాలు గాలిలోనే నిలిచిపోయింది. పుణెలో, సదాశివ్ పేటలో, 'పణతీ' పత్రిక కార్యాలయం ఉన్న ఆ పాతమేడ మెట్లు అతడు పదకొండేళ్లుగా ఎక్కుతున్నాడు. ఏ మెట్టు ఎలా మూలుగుతుందో ఎరుగును. ఈ చప్పుడు మాత్రం ఎరుగడు. ఆ తరువాత గుర్తొచ్చింది: ఈ ఉదయం నుంచి తన బల్ల మీద ఉండేది పాత కంప్యూటర్ కాదు.

లోపల ప్రూఫులు దిద్దే కుసుమ్‌తాయి కొత్త యంత్రం మీట నొక్కి, చేతులు కట్టుకుని దాన్ని చూస్తోంది. బియ్యం డబ్బా అంత పెట్టె, ముఖానికి చిన్న తెర, నెత్తి మీద పట్టుకోవడానికి గుంట, ఓ మూల ఎంగిలి పండు గుర్తు. దసరాకే కొని తెచ్చి పూజలో వేసిన బంతిపూల దండ ఇంకా దాని మెడలోనే ఉంది.

ఆగాశే వేసుకున్న పథకం చాలా చిన్నది. ఛాయ్ తాగాలి. యంత్రంలోంచి ఫ్లాపీ తీయాలి. శనివార్ పేటలో పోంక్షే గారి ప్రెస్సుకు నడిచి వెళ్లి పన్నెండులోపు అందించాలి. తిరిగొచ్చి, భార్య కట్టిచ్చిన మొలకల కూర మటకీ ఉసళ్ చల్లారకముందే తినాలి. అంతే. కానీ ఆ ఫ్లాపీలో ఉన్నది 'పణతీ' దీపావళి సంచికకు ప్రాణమైన నవలిక. దానికి లోకంలో మరో ప్రతి లేదు.

లేకపోవడానికి కారణం రచయిత్రే. పేటలన్నీ 'ఆజీ', అంటే అవ్వ, అని పిలిచే మాలతీబాయి ఓగలేకు ఎనభై ఒక్కేళ్లు. ఆమె రాసిన కాగితాలు ఆగాశే టైపు చేసి తిరిగి ఇచ్చేయాలి; ఇచ్చిన కాగితాలను ఆమె మరునాడు స్నానాల నీళ్ల రాగిబొయిలరు కింద పెట్టి వెలిగించాలి. నలభై ఏళ్లుగా ఆమె సాహిత్యం ముందు నీళ్లు కాచి, ఆ పిమ్మట పాఠకుల మనసు కరిగిస్తూ వచ్చింది. ఈసారి రాసింది ఒక గుమాస్తా కథ. బతుకంతా భయపడుతూ గడిపి, ఒక్కరోజు మాత్రం, భయపడుతూనే, ఒక పని చేసినవాడి కథ. అతడికి కథ మొత్తంలో పేరు లేదు. కథకే పేరు లేదు. సంపాదకుడు అప్పాసాహెబ్ గద్రే పన్నెండు రోజులుగా అడుగుతున్నా ఆమెది ఒకటే మాట: బారసాల నాడు మేనత్త చెవిలో చెప్పేదాకా బిడ్డ పేరు ఎవరూ అడగకూడదు.

ముంబయి నుంచి వచ్చిన లోబో అనే నిపుణుడు నిన్న సాయంత్రం నవలికను పాతదాంట్లోంచి కొత్త ఫ్లాపీలోకి మార్చాడు. ఫ్లాపీకి ఒక పేరు కొట్టమని యంత్రం అడిగింది. అది తన పేరే అడుగుతోందనుకున్న ఆగాశే, కొత్త అధికారి ముందు నిలబడ్డ వినయంతో, తండ్రి పేరుతో సహా పూర్తిగా కొట్టాడు. ఆ పేరు తెర మీది ఫ్లాపీ బొమ్మ కింద అతుక్కుపోయింది. ఆపైన లోబో ఏడు సూచనలు కాగితం మీద రాసిచ్చి, మిగతా పాఠాలకు వచ్చే సోమవారం వస్తానని చెప్పి, మారకంగా తీసుకున్న పాత యంత్రాన్ని, అందులోదంతా చెరిపేసి, టెంపోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆరు సూచనల దాకా ఆగాశే ప్రాణం నెమ్మదిగానే ఉంది. ఏడోది ఇది: 'ఫ్లాపీ బయటికి రావాలంటే, తెర మీది దాని బొమ్మను చెత్తబుట్ట బొమ్మలోకి లాగి వదిలేయాలి.'

అతడు దాన్ని మూడుసార్లు చదివాడు. నల్లని తెర మీద పచ్చని అక్షరాల పాత యంత్రానికి ఇన్ని సొగసులు లేవు, కానీ నీతి ఉండేది: పారేస్తే పోతుంది. మూడేళ్ల కిందట ఒక్క ఆజ్ఞ పొరపాటున కొట్టి, దీపావళి పిండివంటల విభాగం మొత్తం పోగొట్టాడు. అప్పాసాహెబ్ ఆ ఎనిమిది పుటలనూ ఖాళీగా అచ్చువేసి, పైన 'పాఠకుల సొంత ప్రయోగాలకు' అని శీర్షిక పెట్టాడు. ఆ ఏడాది నుంచి ఆగాశే ఇంట్లో చీపురు కూడా పట్టలేదు.

మీట కోసం వెతికాడు. పాతదానికి ఫ్లాపీ పక్కనే మీట ఉండేది. దీనికి నున్నని బుగ్గ తప్ప ఏమీ లేదు. సూదిమొన అంత రంధ్రం ఒకటి కనబడింది. కుసుమ్‌తాయి కొప్పులోంచి పిన్ను తీసి ఇవ్వబోయింది. నవలకు గుచ్చుకుంటుందేమోనని ఆగాశే భయపడి, దుమ్ము కూడా పోకుండా ఆ రంధ్రం మీద తపాలాబిళ్ల అంటించాడు. తరువాత కరెంటు తీగ పీకాడు. మళ్లీ పెట్టాడు. కంచుచెంబు మళ్లీ మోగింది. చిన్న బొమ్మ మళ్లీ ప్రత్యక్షమైంది, దాని కింద అతడి పేరు. ఎదురుగా, మూత తెరవని చెత్తబుట్ట.

"నన్ను నేనే బుట్టలో వేసుకోవాలా?" అన్నాడు మెల్లగా.

"యముడొచ్చినా నువ్వు రసీదు అడిగే రకం ఆగాశే," అంది కుసుమ్‌తాయి. "ప్రెస్సులోనూ ఇలాంటిదే ఉందిగా. పోంక్షేకి ఫోన్ చెయ్యి."

చేశాడు. పోంక్షే గొంతు అప్పటికే ఆవలింతల్లో ఉంది. తాము రోజుకు నలభైసార్లు అలాగే బుట్టలో వేస్తామనీ, భయం లేదనీ, ఒంటిగంటలోపు వస్తే సరేసరి, లేకపోతే నాలుగు తరువాతేననీ, నాలుగున్నరకు యంత్రం క్యాలెండర్ల పనికి వెళ్లిపోతే ఈ దీపావళికి 'పణతీ' ఉండదనీ చెప్పాడు. ఆగాశే ఎంతో మర్యాదగా ఫోన్ పెట్టేశాడు. ఆ ప్రెస్సు పుస్తకాల్లో మధ్య పుటలు ఎందుకు మాయమవుతుంటాయో అతడికి ఇప్పుడు అర్థమైంది.

గడియారం పన్నెండు కొట్టింది. బుట్టలో వేస్తే నవల పోతుంది. వేయకపోతే సంచిక పోతుంది. రెండు భయాల నడుమ నలిగిన మనిషికి మూడో ఆలోచన వచ్చిందంటే అది మంచిదై ఉండదు. ఆగాశే చూపు యంత్రం నెత్తి మీది గుంటపై నిలిచింది. ఫ్లాపీ బయటికి రానంటే, పెట్టెతో సహా మోసుకెళ్లకూడదని ఏ సూచనలోనూ లేదు.

అప్పాసాహెబ్ కుర్చీ మీద పాఠకసంఘం వారు సన్మానించి కప్పిన శాలువా ఉంది. యంత్రానికి దుమ్ము తగలకుండా దాన్ని కప్పాడు. దండ తీస్తే అపచారమేమోనని తీయలేదు. మౌస్‌నూ తీగలనూ గుడ్డసంచీలో వేసి, రెండు చేతులా పొదివి పట్టుకుని మెట్లు దిగాడు. ప్రతి మెట్టూ మూలిగింది.

వీధిలో రిక్షా ఎక్కి, శనివార్ పేట అన్నాడు. రిక్షావాలా వెనక్కి తిరిగి, శాలువానూ దండనూ చూసి, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "గణపతి వెళ్లి నెల దాటింది కదా కాకా. మీ ఇంట్లో ఇంత ఆలస్యమా?"

కాదని చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆగాశే భయస్తుడే కాదు, మొహమాటస్తుడు కూడా. "కొంచెం ఆలస్యమైంది," అన్నాడు.

ఆ ఒక్క మాటతో రిక్షా దారి మార్చుకుంది. పేటలు దాటి, మెత్తగా, గతుకు గతుకుకూ క్షమాపణ అడుగుతూ, తిన్నగా ఓంకారేశ్వర్ ఘాట్‌కు చేరి ఆగింది. దారిలో ఇద్దరు చేతులు జోడించారు. ఒక పెద్దాయన చెప్పులు విడిచాడు. ఘాట్ మెట్ల మీద బట్టలుతికే ఆడవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు. ముఠా నది నీళ్లను చూసి ఆగాశే పెట్టెను మరింత పొదివి పట్టుకున్నాడు. ఇది ముంచే దేవుడు కాదని చెప్పడానికి అతడికి పది నిమిషాలు పట్టింది. నమ్మడానికి రిక్షావాలాకు మరో పది.

ప్రెస్సు చేరేసరికి ఒంటిగంటా అయిదు. తలుపు మూసి ఉంది. తలుపు మీద అందమైన దస్తూరిలో బోర్డు: 'ఒంటిగంట నుంచి నాలుగు దాకా మేము నిద్రపోతాము. ఈ వేళలో గంట కొట్టినవారి పని నాలుగు తరువాత కూడా జరగదు.'

ఆగాశే గంట వైపు చూశాడు. గంట అతడి వైపు చూసింది. అతడు వసారా మెట్టు మీద కూర్చుని, యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా దానికి తన నీడ పట్టాడు. పదకొండేళ్ల ఉద్యోగం, ఒక ముసలమ్మ ఆఖరి కథ, మటకీ ఉసళ్: మూడూ కళ్లముందు కదిలాయి. ఎవరు దారిన పోయినా దొంగేమో అనిపించింది. కుక్క దగ్గరికొస్తే దానికి కంప్యూటర్లు తెలుసేమో అనిపించింది.

అక్కడ కార్యాలయంలో జరిగింది అతడికి తరువాత తెలిసింది. ఒంటిగంటకు వచ్చిన అప్పాసాహెబ్‌కు యంత్రం కనబడలేదు, శాలువా కనబడలేదు, గుమాస్తా కనబడలేదు. ఏమైందని అడిగితే, భోజనం మధ్యలో ఉన్న కుసుమ్‌తాయి తలెత్తకుండానే, "నిమజ్జనానికి తీసుకెళ్లాడు," అంది. పుణెలో ఎత్తిపొడుపు అందరి సొత్తు. అప్పాసాహెబ్ మాత్రం అది తన ఒక్కడి సొత్తే అనుకునే మనిషి. మరొకరి నోట వస్తే గుర్తుపట్టలేడు. పరుగున వీధిలోకి వచ్చాడు. అడిగినవారల్లా అవునన్నారు: దండ వేసి, శాలువా కప్పి, రిక్షాలో, నది వైపు.

మూడున్నరకు వీధి మలుపులో రెండు ఆకారాలు కనబడ్డాయి. ముందు మాలతీబాయి, తొమ్మిది గజాల చీర కచ్చ బిగించి, చేతికర్ర తాటిస్తూ. వెనక అప్పాసాహెబ్, మోకాళ్ల దాకా తడిసి, గొడుగు కొసకు నాచు వేలాడుతూ.

ఆయన నోరు తెరిచాడు. ఆజీ కర్రతో బోర్డు చూపించింది. "మెల్లిగా తిట్టు అప్పా. పోంక్షే లేచాడంటే నా కథ పై దీపావళికే."

అలా ఆ తగాదా మొత్తం గుసగుసల్లోనే సాగింది. తాను నదిలో దిగి గొడుగుతో అడుగంటా కెలికాననీ, ఘాట్ ఆడవాళ్లు నవ్వారనీ, చేసేది లేక చావుకబురు మోసుకెళ్లినట్టు ఆజీ ఇంటికి వెళ్లాననీ, అచ్చు కావలసినదాన్ని మోసుకెళ్లేవాడు నదికి కాదు ప్రెస్సుకు పోతాడని ఆమె చెప్పినా నమ్మలేకపోయాననీ అప్పాసాహెబ్ ఊపిరితోనే అరిచాడు. ఉద్యోగం పోయిందని కూడా గుసగుసగానే చెప్పాడు. ఆగాశే ఏడో సూచన కాగితం తీసి చూపించాడు.

మాలతీబాయి కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని చదివింది. "ఇంతేనా? దీనికోసం దీన్ని ఊరంతా తిప్పావా?"

"ఆజీ, అందులో ఉన్నది ఒక్కటే ప్రతి."

"నాకు తెలీదా బాబూ. మిగతావి తగలబెట్టింది నేనేగా."

వసారాలో ఆకాశదీపం కోసం పెట్టిన ప్లగ్గు ఉంది. ఆమె చెప్పింది, ఆగాశే గుచ్చాడు. నిద్రపోతున్న శనివార్ పేట మధ్యాహ్నంలో కంచుచెంబు ఖంగుమంది. ముగ్గురూ తలుపు వైపు చూసి ఊపిరి బిగబట్టారు. లోపల మంచం కిర్రుమంది. తెర మీద చిన్న బొమ్మ, కింద పేరు. మాలతీబాయి జీవితంలో మౌస్ పట్టలేదు. పోళీల పిండి మీద కర్ర నడిపినంత నిబ్బరంగా దాన్ని నడిపింది. బొమ్మ జరిగింది. బుట్ట నల్లబడింది. ఆగాశే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఖాళీ పుటలు కనబడ్డాయి, ఈసారి ఎనిమిది కాదు, నూట పది.

లోపల ఏదో చిన్నగా మూలిగింది. టక్కుమంది.

కళ్లు తెరిచేసరికి యంత్రం నాలుక చాపినట్టు ఫ్లాపీని చాచి కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. బనీను మీద పోంక్షే, ఒక కన్ను మాత్రం తెరిచి, వసారాలోని దేవుణ్ణీ భక్తులనూ చూశాడు. "మూడూ నలభై," అని తలుపు వేసుకున్నాడు. సరిగ్గా నాలుగింటికి మళ్లీ తెరిచి, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు, "రండి రండి, చాలాసేపయిందా?" అన్నాడు.

లోపల అతడు ఫ్లాపీని తన యంత్రంలో పెట్టాడు. నవలిక ఉంది, నూట పది పుటలూ ఉన్నాయి. ఆగాశే గోడకు జారబడ్డాడు. పోంక్షే ఫారం తీసుకుని, కథ పేరు అడిగాడు. అప్పాసాహెబ్ బారసాల బిడ్డలా చెవి ఒగ్గాడు. మాలతీబాయి కర్రపిడిని తడిమింది.

"పేరు లేదు," అంది. ఆమె గొంతు ఇంత సన్నగా ఎవరూ వినలేదు. "రహస్యమేమీ లేదు. ముప్పై పుస్తకాలు రాశాను, ప్రతిసారీ ఇంతే. కాగితం కాల్చేటప్పుడు భయం లేదు. పేరు పెట్టాలంటే మాత్రం చేతులు చల్లబడిపోతాయి. పెట్టాక ఇక అది నాది కాదు కదా."

ఆ గదిలో ఆమె భయాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నవాడు ఒక్కడే. అతడు ఆమెకు స్టూలు జరిపాడు. ఆమె కూర్చుని, తెర వైపు వంగి, బొమ్మ కింది అక్షరాలు చూసింది.

"ఇదేమిటి? ఎవరు పెట్టారు?"

"నేనే ఆజీ," అన్నాడు ఆగాశే, నేలను చూస్తూ. "నా పేరే. యంత్రం అడిగింది. చెప్పకపోతే బాగుండదని..."

మాలతీబాయి నవ్వడం మొదలుపెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, పోంక్షేను రాసుకోమంది. గుమాస్తా పేరు పెడితే ఎవరు కొంటారని అప్పాసాహెబ్, అలవాటు తప్పక, ఇంకా గుసగుసగానే అడిగాడు. పోంక్షే కలం ఎత్తి, తండ్రి పేరుతో సహా పూర్తిగా చెప్పమన్నాడు. పదకొండేళ్లలో ఆ మూడు మాటలూ ఎప్పుడు కలిసి వినబడినా వెనకే ఒక మెమో వచ్చేది. అందుకే ఆజీ నోరు తెరవగానే ఆగాశే లేచి నిటారుగా నిలబడ్డాడు.

"త్ర్యంబక్ విష్ణు ఆగాశే."