నీడ చేసిన మేలు

తాతయ్య తడిగుడ్డతో చిక్కుడాకులు తుడుస్తున్నారు. పసిపిల్లకు మూతి తుడిచినట్టు ఒక్కో ఆకునూ అరచేతిలో పెట్టుకుని తుడుస్తున్నారు. ఆయన్ని చూస్తూ నేనొక నిశ్చయానికి వచ్చాను. ఇంటి మీద ఎండ పడకపోవడమంత అదృష్టం మరొకటి లేదు!

నవ్వకండి. పక్కిల్లు నాలుగంతస్తులు లేచాక, ఆ నీడలో కూర్చుని తీరుబడిగా ఆలోచించి చెబుతున్న మాట ఇది.

ఎండ ఉన్న రోజుల్లో మేం పడ్డ అవస్థ మీకేం తెలుసు? నేను చదివిన పల్లెటూరి బడిలో సైన్సు మాస్టారు చెప్పేవారు: ఎండలోని శక్తిని మొక్క పట్టుకుంటుంది, మొక్కను పురుగు తింటుంది, పురుగును పిట్ట, పిట్టను పిల్లి. మెట్టు మెట్టుకీ అందేది ఇంచుమించు పదోవంతే, మిగతాదంతా చాలావరకు వేడిగా పోతుందని.

ఆ పాఠమంతా వచ్చి మా బాల్కనీలో కాపురం పెట్టింది. కుండీలో చిక్కుడు పాదు, పాదు నిండా పురుగులు, వాటి కోసం పిచ్చుకలు, పిచ్చుకల కోసం కుర్చీ కింద పిల్లి. వేడిగా పోయే శక్తి సంగతంటారా? అది తిన్నగా వంటింట్లోకెళ్లి అమ్మ కోపంలో కలిసేది. రోజూ చిక్కుడుకాయలే వండమంటే ఎవరికి మాత్రం రాదు?

నీడ పడింది. ఒక్కొక్కరే సర్దుకున్నారు. కాయలు లేవు, పురుగులు లేవు. పిచ్చుకలు ఇల్లు మారాయి. పిల్లి చేపల కొట్టు దగ్గర ఉద్యోగం చూసుకుంది. బట్టలు వెలిసిపోవడం లేదు, ఆరితే కదా! నాన్న చల్లటి చొక్కాతో హాయిగా పనికి వెళుతున్నారు. అలాగని మా ఇంట్లో జీవరాశి లేదనుకోకండి. గోడకి బూజు పట్టింది. పాపం, ఎండ కావాలని ఒక్కనాడూ అడగదు.

అడిగింది తాతయ్య ఒక్కరే. ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. పాత బస్సు అద్దమొకటి ఎక్కణ్ణుంచో తెచ్చి రెయిలింగుకు కట్టారు. రెండు మేడల సందులోంచి జారే కాస్త ఎండనూ అందులో పట్టి పాదు మీదికి తిప్పేవారు. సూర్యుడు జరిగిన కొద్దీ అద్దాన్ని జరుపుతూ, కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. బస్సు నిండా జనం ఉన్నట్టే ఉండేది వాలకం. పాదు మళ్లీ పూతకొచ్చింది. ఒక పిచ్చుక కూడా వచ్చి చూసి వెళ్లింది.

అప్పుడొచ్చారు మేడాయన. పక్కింటి యజమానిని మేమలాగే అంటాం. నాన్న పనిచేసే సిమెంటు కొట్టు కూడా ఆయనదే. గుమ్మంలో నిలబడి చాలా మర్యాదగా అన్నారు.

"మీ ఎండ మా హాల్లో పడుతోందండీ. టీవీ కనబడట్లేదు."

చూశారా! మాకూ ఒక ఎండ ఉందని మాకే తెలియదు.

తీసేస్తానని నాన్న అప్పుడే మాటిచ్చారు. గడ్డిపరక పులితో వాదిస్తుందా? ఆ సాయంత్రమే అద్దం విప్పి మంచం కింద పెట్టి, ఏమనుకోవద్దని తాతయ్యకు నచ్చజెప్పబోయారు. తాతయ్య ఏమీ అనుకోలేదు.

"ఇప్పుడు కనబడుతోందా ఆయనకి?" అని మాత్రం అడిగారు.

మాస్టారి పాఠంలో నాకు తేలనిది ఒక్కటే. తాతయ్యకు పళ్లు లేవు, చిక్కుడుకాయలు తినరు. అంటే ఆ మెట్లలో ఆయన ఎక్కడా లేరు. మరి పూత రాలినప్పటి నుంచీ ఆయన కంచంలో అన్నం ఎందుకు మిగిలిపోతోంది?

సరే, మేలు సంగతికి వద్దాం. ఇవాళ్టితో మా బాల్కనీ విశాలమైంది. ఆఖరి ఆకు తుడిచాక తాతయ్య తీగను రెయిలింగు నుంచి మెల్లగా విప్పి, చుట్టచుట్టి, కుండీని భుజానికెత్తుకున్నారు. కాఫీ చల్లారిపోతోందని అమ్మ లోపలి నుంచి పిలిచింది. నాన్న పేపరులోంచి తలెత్తలేదు.

తాతయ్య చెప్పులేసుకుని మెట్లు దిగారు. వీధి మలుపు దాకా మేడాయన నీడే. మలుపులో కాస్త ఎండ ఉంది. అక్కడ ఆగి, కుండీని రెండో భుజానికి మార్చుకుని, వెనక్కి చూడకుండా నడిచారు.