కిటికీ ఎందుకండీ కొంపకి!

పాత పళ్ల బ్రష్షుతో ఫిల్టర్ దులుపుతూ ఒక మాట తేల్చి చెప్పదలుచుకున్నాను. ఇంట్లో ఉండకూడని వస్తువులన్నిటిలోకీ పరమ అనవసరమైనది కిటికీ!

తొందరపడి కోప్పడకండి. నిన్నమొన్నటిదాకా నేనూ మీలాగే కిటికీ తెరిచి, గాలి వచ్చిందని సంబరపడిన మనిషినే. మా పల్లె బడిలో కిటికీలకి రెక్కలే ఉండేవి కావు. వాన పడితే లెక్కల మాస్టారు మమ్మల్ని ఓ మూలకి, నల్లబల్లని ఇంకో మూలకి జరిపేవారు. అంత గాలి ఊరికే దొరికింది కాబట్టే దాని విలువ తెలియలేదు. ఇప్పుడు మా ఫ్లాట్‌లో గాలికి ఒక పెట్టె ఉంది. దానికి గొట్టాలున్నాయి, ఫిల్టర్లున్నాయి. ఆ ఫిల్టర్లు దులపడానికి నేనున్నాను.

పెట్టె పేరు ఎనర్జీ రికవరీ వెంటిలేటర్. మా అన్నయ్య కొన్నాడు. అందులో రెండు ఫ్యాన్లు. ఒకటి ఇంట్లోని పాతగాలిని బయటికి తోస్తుంది, రెండోది బయటి కొత్తగాలిని వడగట్టి లోపలికి తెస్తుంది. దారిలో ఆ రెండు గాలులూ ఒక పల్చటి పొరకి చెరోవైపు నడుస్తూ, ఒకదాంట్లో ఒకటి కలవకుండానే వేడినీ తేమనీ ఇచ్చిపుచ్చుకుంటాయి. మాటల్లేని తోడికోడళ్లు గోడ మీదుగా గిన్నెలు మార్చుకున్నట్టన్నమాట. అందువల్ల ఏసీ చల్లదనం అంతా బయటికి పోదు, కొత్తగాలి మాత్రం వస్తుంది. ఇంత బుద్ధి కిటికీకి ఉందా?

పెట్టెతోపాటు ఒక చిన్న పలక కూడా వచ్చింది. గదిలో మనుషులు వదిలిన ఊపిరి ఎంత పేరుకుందో కనిపెట్టి, దాని మీది దీపం రంగు మారుస్తుంది. పచ్చగా ఉంటే గాలి బాగున్నట్టు. పసుపైతే జాగ్రత్త పడాల్సినట్టు. ఎరుపైతే మనలో ఎవరో అవసరానికి మించి బతుకుతున్నట్టు. దాన్ని ఎక్కడ బిగించాలని మెకానిక్ అడిగితే, అన్నయ్య క్షణం ఆలోచించకుండా హాల్లో తన కుర్చీ పక్కన, తన మొహానికి సరిగ్గా అందేటట్టు పెట్టించుకున్నాడు. ఇంటి గాలి బాధ్యత ఆయనదే కదా మరి!

ఇక లాభాలు వినండి.

ఇంట్లో వెంటిలేటర్ పెట్టించామని అన్నయ్య ఫోన్లో చెప్పగానే, ఏళ్ల తరబడి మొహం చూపించని చుట్టాలు యాపిల్ పళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఎవరూ మంచాన పడలేదని తెలిసి కొంచెం నిరాశపడ్డా, పళ్లు మాత్రం ఇచ్చే వెళ్లారు. అందరూ ఒకేసారి కూర్చుంటే దీపం పసుపవుతుందని అన్నయ్య వాళ్లని జతలు జతలుగా లోపలికి పిలిచాడు. మిగతావాళ్లు మెట్ల మీద వంతు కోసం కూర్చున్నారు. మళ్లీ ఒక్కరూ రాలేదు. ఇంతకన్నా ఆరోగ్యం ఏముంటుంది?

మా వదినకి పెళ్లైన దగ్గర్నుంచీ రోజూ కాసిని నిట్టూర్పులు అలవాటు. ఇప్పుడు వాటిని కూడబెట్టుకుని, సాయంత్రం మేడ మీదికి వెళ్లి ఒక్కసారే విడిచి వస్తోంది. ఆ వంకన ఆవిడకి వ్యాయామం! ఆవలింత వచ్చినవాళ్లు వరండాలోకి వెళ్లాలి. బుడగలు ఊదవచ్చు, ఊపిరి అందులోనే ఉంటుంది కాబట్టి. పగలగొట్టడం మాత్రం నేరం.

నాకైతే జన్మలో దక్కని గౌరవం దక్కింది. తక్కువ మాట్లాడతానని ఇన్నాళ్లూ దీనికి నోట్లో నాలుక లేదనేవారు. ఇప్పుడు అన్నయ్య నన్ను పక్క ఫ్లాట్ వాళ్లకి చూపించి, ఈ పిల్ల ఇంట్లో ఉన్నా లేనట్టేనండీ, దీపం కదలదు అని మెచ్చుకుంటున్నాడు. ఆ మెప్పుకి బహుమతిగానే ఫిల్టర్ల పని నాకు అప్పగించాడు.

వచ్చిన చిక్కల్లా మా నానమ్మతో.

నానమ్మ గదికి ఒక కిటికీ ఉంది. సన్నటి సందుకి అవతల, సరిగ్గా దాని ఎదురుగా, బట్టలు కుట్టే ఆవిడ కిటికీ. ఆవిడ చొక్కాలు కుట్టి కర్రకి తగిలించి ఇటు అందిస్తుంది. నానమ్మ వాటికి గుండీలు కుట్టి అదే కర్రకి తగిలించి అటు పంపిస్తుంది. ఆ చొక్కాలతోపాటు వీధి వీధంతటి కబుర్లూ అటూ ఇటూ ప్రయాణిస్తాయి. మా ఇంట్లో నానమ్మకి అంత కాలక్షేపం ఇచ్చే మనిషి లేదు. నాకు మాటలు తక్కువ, అన్నయ్యకి వినడం తక్కువ.

దీపం మాటిమాటికీ ఎర్రబడటానికి ఆ కిటికీయే కారణమని అన్నయ్య తీర్పు చెప్పాడు. అది తెరిచినప్పుడల్లా మిషన్ లెక్క తప్పుతోందట. ఆదివారం మెకానిక్‌ని పిలిపించాడు. కిటికీ సందుల్లో నురగ కొడితే అది బిగుసుకుపోయి, ఇక జన్మలో తెరుచుకోదు. మెకానిక్ హాల్లో నిలబడి నురగ డబ్బా ఊపుతున్నాడు. నానమ్మ తన కిటికీ తనే మూసి, సగం గుండీలు కుట్టిన చొక్కాతో వచ్చి గోడవారన కూర్చుంది. సూది ఆడుతోంది గానీ, ఒకే గుండీని మళ్లీ మళ్లీ కుడుతోంది.

దీపం పచ్చగా ఉంది. అన్నయ్య కుర్చీలో సర్దుకుని, కిటికీలు ఎందుకు పనికిరావో చెప్పడం మొదలుపెట్టాడు.

'ముందుగా' అన్నప్పుడు పచ్చగానే ఉంది. గాలి చరిత్రలోకి దిగేసరికి పసుపైంది. 'ఒక్కమాటలో చెప్పాలంటే' అని ఎత్తుకున్నాక, ఆ ఒక్కమాట పూర్తయ్యేలోపే ఎర్రబడింది.

"చూశావా నానమ్మా, మళ్లీ ఎరుపు" అన్నాడు అన్నయ్య.

"చూస్తూనే ఉన్నానురా. కిటికీ మూసే ఉంది కదా."

అది వేరే విషయమన్నాడు. ఎలా వేరే విషయమో పలక వైపు వంగి మరీ వివరించాడు. పలక కీచుమని అరవడం మొదలుపెట్టింది. అది అరవగలదని అంతవరకూ మాకెవరికీ తెలియదు.

నానమ్మ దారం కొరికి తెంపింది.

"నువ్వు ఆఫీసుకెళ్లాక ఇది సాయంత్రం దాకా పచ్చగానే ఉంటుంది నాయనా. అప్పుడు నా కిటికీ బార్లా తీసే ఉంటుంది."

వదిన వంటింటి గుమ్మంలోంచి, ఒక్క నిట్టూర్పు కూడా కలపకుండా, అవునండీ అంది. మెకానిక్ డబ్బా ఊపడం ఆపి దాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

కాబట్టి పాఠకులారా, ఈ పెట్టె తప్పకుండా కొనుక్కోండి! గాలి కోసమే కాదు. ఇంట్లో పెద్దమనిషికి మనం ఏళ్ల తరబడి చెప్పలేకపోయిన మాటని మొహం మీద చెప్పే ధైర్యం దానికుంది. అదే మాట మనం అంటే ఎదురు చెప్పడం, అది అంటే సైన్సు! పలకని మాత్రం ఆ మూలో ఈ మూలో కాకుండా, ఆ పెద్దమనిషి కుర్చీ పక్కనే బిగించండి. ఫిల్టర్లు మరవకుండా దులుపుకోండి. దుమ్మయితే వాటిలో చిక్కుతుంది. ఉపన్యాసాలకి ఫిల్టర్ ఇంకా రాలేదు.

అన్నయ్య సంగతంటారా? ఆయన దగ్గర దీనికీ జవాబుంది. చెబుదామని నోరు తెరిచాడు. పక్కకి చూశాడు. పలక అరుపు ఆపి, ఆయన ఏమంటాడో విందామన్నట్టు ఎర్రగా వెలుగుతోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఈలోగా నానమ్మ చొక్కా తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది, అక్కణ్నుంచి కిటికీ గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది. అన్నయ్య లేచి, చెప్పులు వేసుకుని, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి, మా ఇంటి చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక్క మాట కూడా అనకుండా బయటికి వెళ్లిపోయాడు.